ఫ్యాన్ రెగ్యులేటర్‌కి కాలిన మోటరు

నిన్న మా ఊళ్లో కుదుదండ్ పేటలో మోటర్లు బాగుచేసే కొట్టు దాటుతుంటే కాలిన వార్నిష్ కంపు ముక్కుకు కొట్టింది. అక్క గుర్తొచ్చింది.

రైల్వే క్వార్టర్ల నేస్తాలూ, నల్ల డబ్బాలాంటి పాత ఫ్యాన్ రెగ్యులేటర్ గుర్తుందా, చెయ్యి పెడితే చురుక్కుమనేది? రైలింజన్ల షెడ్‌లో ఫిట్టరైన మా నాన్న వరండాలో చపాతీ కర్రలు చేసే చిన్న లేత్ పెట్టుకున్నాడు. దాని మోటరు జోరు తగ్గించడానికి ఆ రెగ్యులేటర్‌నే తగిలించబోయాడు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్న అక్క ఆపబోయింది. "ఈ మోటరుకది పనికిరాదు నాన్నా, కాలిపోద్ది. బెల్టు తిరిగే పుల్లీ మార్చాల."

"ఏటే, నాకే చెప్తన్నావా?" అన్నాడు నాన్న. నేను కిసుక్కున నవ్వాను.

రెగ్యులేటర్ తగిలించిన పావుగంటలో మోటరు మూలిగి, పొగ కక్కి ఆగిపోయింది.

"ఎదురు మాటాడ్డమేటే అక్కడ నేర్పుతున్నారు? రేపట్నుంచి ఎల్లక్కర్లేదు," అని అక్క చదువు మాన్పించాడు.

తర్వాత కొత్త మోటరు తెచ్చి, లేత్‌కి చిన్నా పెద్దా మెట్లున్న పుల్లీ బిగించాడు. బెల్టు పెద్ద మెట్టు మీదికి మార్చగానే లేత్ నెమ్మదించింది. చూడటానికొచ్చిన పక్క క్వార్టర్ల వాళ్లందరికీ ఆ ఉపాయం తనదేనని చెప్పుకున్నాడు.

వంటింట్లో ఆ లేత్ మీద చేసిన కర్రతోనే అక్క వాళ్లకి చపాతీలు ఒత్తుతోంది. ఉపాయం ఎవరిదో నాకు తెలుసు. చపాతీలు వడ్డించి ఊరుకున్నాను.