కరెంటు పోతే కనిపించే గీత

మా మేనమామ పోయిన సంగతి నాకు సారంగాపూర్ బడిలో, ఏడో తరగతికి సైన్సు పాఠం చెబుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది అత్తమ్మ. "మీ మామ అన్నం తిని ఒరిగిండే, లేపితే లేస్తలేడు" అంది. గొంతులో ఏడుపు లేదు. అప్పటికి ఇంకా లేపుతూనే ఉన్నట్టుంది. జగిత్యాల, వేములవాడ బస్సులు మారి సిరిసిల్ల చేరేసరికి సాయంత్రమైంది. ఆ వీధిలో పొద్దస్తమానం ఆడే మరమగ్గాలు, అక్కడి మాటలో సాంచాలు, అన్నీ ఆపేశారు. ముప్పై ఏళ్లు వాటిని బాగుచేసిన మనిషికి వీధి ఇచ్చిన మర్యాద అది. అంత దుఃఖంలోనూ నాకో పాడు ఆలోచన వచ్చింది: మోటార్లన్నీ ఇట్లా ఒక్కసారి ఆగిన వీధి దొరికితే మామ ఎంత సంబరపడేవాడో అని. అది మీకు అర్థం కావాలంటే ఆయన చేసిన మిషన్ గురించి చెప్పాలి.

మామ చదివింది ఏడు వరకే. సాంచాల మెకానిక్. పిలవడానికి వచ్చినవాడు "జల్ది చెయ్యన్నా, పని ఆగింది" అని తొందరపెడుతున్నా వెంటనే పానా పట్టేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని సాంచె ముందు నిలబడేవాడు. చాలాసేపు చూసేవాడు, వినేవాడు. "దానికేమయిందో అదే చెప్తది, జర ఆగు" అనేవాడు. సాంచాలు పెట్టుకున్న ఆసాములు విసుక్కునేవారు గానీ మళ్లీ ఆయన్నే పిలిచేవారు.

మాది కోరుట్ల. అమ్మ బీడీలు చుట్టేది. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఒక జబ్బు పట్టుకుంది. జబ్బు అని అప్పుడు ఎవరికీ తెలియదు, నాకైతే అసలే తెలియదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. కళ్లు తెరిచే ఉండేవి. పది లెక్కపెట్టేలోపు మళ్లీ మామూలే. నేను ఆగానన్న సంగతి నాకు తప్ప అందరికీ తెలిసేది. బడిలో సారు సుద్దముక్క విసిరేవాడు. మార్కులు పడిపోయాయి. అమ్మ వేములవాడ తీసుకెళ్లి రాజన్నకు కోడె మొక్కు చెల్లించింది. ఆఖరికి నాన్న తేల్చేశాడు: "దీనికి సదువు మీద పానం లేదు. తల్లి పక్కన కూసుండి బీడీలు చుట్టుకుంటది."

ఆ వారమే మామ ఏదో పనిమీద మా ఇంటికి వచ్చాడు. నన్నేమీ అడగలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను ఎటు పోతే అటు, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది కూడా. సాయంత్రం అమ్మతో అన్నాడు: "అక్కా, పిల్లది పరధ్యానం గాదు. పరధ్యానంల ఉన్నోళ్లు పిలిస్తే ఉలిక్కిపడ్తరు. గిది పిలిచినా అస్తలేదు. నడుస్తున్న సాంచె ఆగినట్టు ఆగుతున్నది. డాక్టర్‌కు చూపెట్టాలె."

జగిత్యాలకు వారానికొకసారి హైదరాబాద్ నుంచి నరాల డాక్టర్ వచ్చేవాడు. ఈఈజీ తీయాలన్నాడు. మెదడులో పుట్టే సన్నని కరెంటును గీతలుగా చూపించే పరీక్ష. పరీక్ష చేసే ఆయన నా తల ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మంచి పని కదా అని అమ్మ తలకు గిన్నెడు నూనె పెట్టి, జడ బిగించి తెచ్చింది. నూనె తలకు వైర్లు అంటవట. మామ పరుగెత్తి రెండు షాంపూ ప్యాకెట్లు తెచ్చాడు. ఆసుపత్రి వెనక నల్లా దగ్గర అమ్మ రుద్దుతుంటే ఆయన మగ్గుతో నీళ్లు పోశాడు.

తడి తలకు వైర్లన్నీ అతికించి, గట్టిగా ఊపిరి పీల్చి వదులుతూ ఉండమన్నారు. వదులుతున్నాను. తర్వాత నాకు తెలిసిందల్లా, మామ నోరు తెరుచుకుని తెర వైపు చూస్తుండటం. మధ్యలో ఏం జరిగిందో ఆయన చెబితేనే తెలిసింది. మెత్తగా పోతున్న గీతలన్నీ ఒక్కసారిగా రంపం పళ్లలా లేచాయట, మళ్లీ పడుకున్నాయట. ఆ కాసేపూ నేను లేను. నేను లేని చోటును మామ కళ్లారా చూశాడు.

"మామా, నేను యాడికి పోయిన?" అని అడిగాను బస్సులో.

"యాడికి పోలేదు బిడ్డా. దారం తెగింది, మల్ల అతుక్కున్నది. డాక్టర్ రాసిన గోలీలు ఏసుకుంటె తెగదట." కాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు: "గని గంత సన్న కరెంటు, పుర్రె దాటి బయటికెట్ల అచ్చింది?"

నా బడి ఆగలేదు. మామ ప్రశ్నా ఆగలేదు. సిరిసిల్లలో ఒక టీవీ మెకానిక్ ఆయనకు దోస్తు. అట్లాంటి మిషన్ సొంతంగా చేయాలని ఇద్దరూ కలిసి రెండేళ్లు కూర్చున్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న సర్క్యూట్ బోర్డు, బ్యాటరీలు, ఎక్కడో చవగ్గా దొరికిన పాత ల్యాప్‌టాప్. తలకు తగిలించే బిళ్లలు వెండివైతే మంచిదని ఎవరో చెప్పారు. అత్తమ్మ పట్టగొలుసుల్లో ఒకటి మాయమైంది, మూడు వెండి బిళ్లలు పుట్టుకొచ్చాయి. ఆసుపత్రిలో వాడే జిగురు బదులు నూలుకు పెట్టే గంజిలో ఉప్పు కలిపాడు. అది ఆరితే వెంట్రుకలు చీపురు పుల్లలయ్యేవి.

"కాళ్లకు పెట్టుకునేది తీస్కపోయి నెత్తికి పెడ్తున్నవు, గిదేం తెలివయ్యా!" అని అత్తమ్మ తిట్టేది. మిషన్‌ను దగ్గరికి రానిచ్చేది కాదు. "నా మనసుల ఏమున్నదో నీకెందుకు? నేను పెట్టుకోను" అని ఎప్పుడడిగినా అదే మాట. మామ బతిమాలేవాడు గానీ బలవంతం చేయలేదు.

మిషన్ పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే, ఎవరికి పెట్టినా తెర నిండా ఒకటే గీత, దువ్వెన పళ్లంత సమంగా. ఛాయ్ హోటల్ ఆయనకు అదే, సాంచాలు నడిపేవాళ్లకు అదే, టీవీ మెకానిక్‌కూ అదే. మామకు నేల మీద కాలు నిలవలేదు. సాంచాల చప్పుడు తరాల నుంచి విని విని అందరి మెదళ్లలో అదే తాళం స్థిరపడిపోయిందని కనిపెట్టేశాడు. "సిరిసిల్ల సిరిసిల్లంత ఒక్కతీరె నడుస్తున్నదే తలకాయ!" అని నాకు ఫోన్ చేసి చెప్పాడు. రుజువు కోసం కోరుట్ల వచ్చి అమ్మకు పెట్టాడు. అమ్మకూ అదే గీత. మామ గడ్డం గోక్కున్నాడు. "బీడీలు చేసేటోళ్లకు సాంచె తాళం ఎట్ల పట్టిందక్కా?" అన్నాడు. పెళ్లికి ముందు అమ్మ సిరిసిల్లలోనే పెరిగింది కాబట్టి, అని మళ్లీ తనే సమాధానం చెప్పుకున్నాడు.

ఈ శాస్త్రాన్ని కూలగొట్టింది అత్తమ్మ. నేను ఇంటర్ సెలవులకు వెళ్లినప్పుడు. ఆదివారం, వంటకు సొరకాయ తెచ్చి పెట్టుకుంది. మామ ఎవరికో ఈ తాళం సంగతి వివరిస్తుంటే వింటూ వింటూ, లేచి వచ్చి మూడు బిళ్లలకూ గంజి పూసి సొరకాయకు అంటించింది. తెర మీద అదే గీత, దువ్వెన పళ్లు దువ్వెన పళ్లుగా.

"ఇగ సూడు. సొరకాయ గూడ సిరిసిల్లదే" అంది.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. మామ నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. చేతులు వెనక్కి కట్టుకుని సొరకాయ ముందు నిలబడ్డాడు. అత్తమ్మ కూరకు ఇవ్వమని రెండుసార్లు అడిగింది, ఇవ్వలేదు. అట్లా నిలబడి ఉండగానే లైన్ పని అని కరెంటు తీసేశారు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. తెర మీద గీత చప్పున చదునైపోయింది.

మామ మొహం చూడాలి మీరు. సొరకాయ వంక, ఆగిన ఫ్యాను వంక, మళ్లీ సొరకాయ వంక చూశాడు. "తలకాయది గాదే! గోడల కరెంటు!" అని అరిచాడు. ఇంటి వైర్లలో పారే కరెంటే ఒంటి మీదికి, సొరకాయ మీదికి లీలగా సోకుతుంది. ఇన్నాళ్లూ ఊరి మెదడు అనుకుని ఆయన చూసింది దాన్నే. బిళ్లలు సొరకాయ నుంచి పీకి నాకు పెట్టాడు: ఒకటి నుదుటికి, ఒకటి చెవి వెనక, ఒకటి వెనక తలకు. పెద్ద గీత లేదు. దాని స్థానంలో చిన్నది, వంకరటింకరది, బతికున్నట్టు కదులుతోంది. "కండ్లు మూసుకో" అన్నాడు. మూసుకున్నాను. "తెరువు" అన్నాడు. మళ్లీ మూసుకోమన్నాడు. ఎన్నిసార్లో. కళ్లు మూసినప్పుడల్లా గీత అలల్లా లేస్తోంది, తెరవగానే అణిగిపోతోంది. "గిది నీదే కోడలా. గిది అచ్చంగ నీదే" అన్నాడు.

అప్పటి నుంచి కరెంటు పోతే సంతోషించే మనిషి సిరిసిల్ల మొత్తంలో మామ ఒక్కడే. మామూలు రోజుల్లో ఇంటి మెయిన్ ఆపేసి, వీధి మోటార్ల నుంచి సోకే కాస్త కరెంటును ఓర్చుకుని పని కానిచ్చేవాడు, అత్తమ్మ సీరియల్ మధ్యలో పోయేది. ఎన్ని గీతలు తీసినా ఇది జబ్బు చెప్పే మిషన్ కాదని వచ్చినవాళ్లకు ముందే చెప్పేవాడు. తాను తప్పు చేసిన కథ కూడా చెప్పేవాడు, సొరకాయతో సహా.

ఆయన మీద నాకు కోపం వచ్చింది ఒక్కసారే. డిగ్రీలో ఉన్నాను. గోలీలు వేసుకుంటే పొద్దంతా మత్తు. ఫోన్‌లో వీడియోలు చూశాను: తలకు చిన్న బ్యాటరీ తగిలించి సన్నని కరెంటు పంపితే మెదడు గీతలే మారిపోతాయని, జబ్బులు పోతాయని. మామ దగ్గరికి పరుగెత్తాను. చేసి పెట్టమన్నాను.

ఆయన తలకు చుట్టుకున్న తువ్వాల తీశాడు. నుదుటి మీద రెండు పక్కలా గుండ్రంగా కమిలిన మచ్చలు. నాకంటే ముందే ఆ వీడియోలు చూసి, నా కోసమే, తన మీద పెట్టుకుని చూశాడట. "కండ్లల్ల మెరుపులచ్చినయి. ఇంకేమయిందో నాకే తెల్వదు. సూసుడు నాకు చేతనయితది బిడ్డా, చెయ్యి పెట్టుడు చేతగాదు" అన్నాడు.

"సాంచాలు బాగు చేస్తలేవా?"

"సాంచె కరాబైతే ఇంకో పార్టు ఏస్త. నిన్ను యాడికెల్లి తెస్త?"

నేను వినలేదు. అలిగి కోరుట్ల వచ్చేసి, ఎవరికీ చెప్పకుండా గోలీలు మానేశాను. పదకొండో రోజు వేములవాడ బస్టాండులో పడిపోయాను. ఈసారి ఊరికే ఆగిపోవడం కాదు, పెద్ద ఫిట్స్. కళ్లు తెరిచేసరికి చేతిలో ఎవరో కుక్కిన తాళంచెవుల గుత్తి, పెదవి చిట్లి నెత్తురు. నా ఫోన్‌లో మొదటి పేరు మామది, ఆయనకు చేశారు. వచ్చి పక్కన కూర్చున్నాడు. గోలీలు మానేశావా అని అడగలేదు. తాళంచెవులు ఎవరివో కనుక్కుని ఇచ్చేసి, ఎంతసేపు పట్టిందో, ముందు ఏ చెయ్యి కొట్టుకుందో చూసినవాళ్లను ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితం చూసే డాక్టర్ మందు మార్చాడు. తర్వాత మత్తు లేదు, ఫిట్స్ లేవు. అందుకు మామకు నేను ఎప్పుడూ నోరు తెరిచి థాంక్స్ చెప్పలేదు. మేనమామకు ఎవరు చెబుతారు? ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

ఇప్పుడు నా తరగతిలో ఎవరైనా పిల్ల కిటికీలోంచి శూన్యంగా చూస్తుంటే అరవను. పాఠం ఆపి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తాను. పిలుస్తాను. ఉలిక్కిపడితే హాయిగా తిడతాను.

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయిన మర్నాడు, పొద్దున వంట కూడా మొదలుపెట్టకముందే అత్తమ్మ అంది: "గా మిషన్ డబ్బ తియ్యి. నాకు పెట్టు."

నేను ఆమె మొహంలోకి చూశాను. తమాషా లేదు. తలస్నానం చేసి, నూనె పెట్టుకోకుండా కూర్చుంది. గంజి తనే కాచింది, ఉప్పు తనే కలిపింది. లేచి వెళ్లి మెయిన్ కూడా తనే ఆపింది. తన కాలి వెండినే ఆమె నుదుటికి, చెవి వెనక, వెనక తలకు అతికించాను. కళ్లు మూసుకోమన్నాను. గీత అలలుగా లేచింది.

"ఏం కనవడ్తున్నదే?" అంది కళ్లు తెరవకుండానే.

"కండ్లు మూసుకున్నవని కనవడ్తున్నది అత్తమ్మా."

"గంతేనా?"

"గంతే."

"నాకు ఆయన కనవడ్తుండు. చేతులెనుకకు కట్టుకోని. అది అస్తలేదా గా తెర మీద?"

"అస్తలేదు. మనసులయి రావు అత్తమ్మా. ఏ మిషన్ల రావు."

ఆమె మూసిన కళ్ల కింద నుంచి నీళ్లు కారి గంజి దాకా వచ్చాయి.

"గిన్నేండ్లు ఉత్తగనే భయపడ్డ" అంది. "గిది తెలిస్తే ఆయనతోనే పెట్టించుకుందును. ఎన్నిసార్లు అడిగిండే."

బిళ్లలు తీయనా అని అడిగితే వద్దని చెయ్యి ఊపింది. బయట వీధిలో సాంచాలు మళ్లీ ఆడుతున్నాయి. మా ఇంట్లో మాత్రం ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయేదాకా ఆమె కళ్లు తెరవలేదు, నేను లేచి మెయిన్ వేయలేదు. గీత లేస్తూనే ఉంది.