ఊపిరి వినిపించే పెట్టె

నిజాం పాలన పోయిన కొత్తలో, నేలమీద నిలబెట్టే గ్రామఫోన్ పెట్టె కొందామని మా ఆయనా నేనూ లింగంపల్లిలో పట్నం పోయే రైలెక్కాం. అప్పటికి మాదాపూర్ వైపంతా రాళ్లగుట్టలే. ఆ ఖర్చు నాకు మొదటినుంచీ నచ్చలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఒడిలో చీరముక్క చుట్టిన రికార్డు ఉంది.

ఎటు పోతున్నామని ఆమె అడిగితే, “గ్రామఫోన్ పెట్టె కొననీకి. ఎక్కువ ధర పెట్టలేం, అగ్గువది చూస్తున్నం,” అన్నాను.

“అగ్గువదే తీస్కో బిడ్డా. గని దుకాణపోళ్ల రికార్డు ఇని మోసపోకు. అది ఏ పెట్టెలైనా మంచిగనే మోగుతది. నీకెరుకైన గొంతు పెట్టి ఇను.”

ఆమె దగ్గరున్నది చనిపోయిన కూతురి పాట. పాటకు ముందు ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం మొదట్లో వినబడేదట. ఇప్పుడు వినబడటం లేదు. అది వినిపించే పెట్టె కోసం దుకాణాలన్నీ తిరుగుతోంది.

“పెట్టినప్పుడల్లా సూది గీకుతది గదమ్మా. అరిగిపోదా?” అన్నాను.

“పెట్టకుంటే ఎట్ల ఎరుకైతది?” అంది.

మాతోపాటే దుకాణానికి వచ్చింది. మేము ఎంచిన పెట్టెలో ముందుగా ఆమె రికార్డే వేయించాం. గరగర తప్ప ఊపిరి లేదు. పాట కూడా ఎక్కడో దూరంగా ఉంది. తర్వాత దుకాణంవాడి రికార్డు వేస్తే అదే పెట్టె ఖంగున పలికింది. లోపం పెట్టెలో లేదని నాకు తెలిసిపోయింది.

ఆమె రికార్డు చుట్టుకుంటూ, “ఇది గూడ కాదు,” అని, ఇంకో దుకాణం ఎటుందో మా ఆయన్ని అడిగింది.