హేవర్డ్ దొర ఇచ్చిన పేరు

మా పెదనాన్న ఈ చలికాలం చివర్లో విండ్సర్‌లో పోయారు. నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ప్లాంట్‌లో షిఫ్ట్ దిగి, పార్కింగ్‌లో కారు అద్దం మీది మంచు గీకుతున్నాను. నర్సు "మిస్టర్ హేవర్డ్?" అని అడిగింది. అవునన్నాను. "మిస్టర్ హేవర్డ్ ఇందాకే వెళ్ళిపోయారు" అంది. అద్దం సగమే శుభ్రమైంది. ఆ సగంలోంచి చూసుకుంటూ వెళ్ళాను.

మా తెలుగు సంఘం ఏటా వేసే సంచికకు ఆయన గురించి రాయమని పాస్టర్ గారు అడిగారు. "బ్రదర్, దొర సంగతి మాత్రం మర్చిపోకండి. పిల్లలకు మాదిరిగా ఉంటుంది" అన్నారు. దొర సంగతి రాస్తున్నాను. ఆయన అనుకున్నట్టు మాత్రం రాయలేను.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు, అమ్మ అంతకుముందే. మిషన్ హాస్టల్లో పెరిగాను. నాన్నకు అన్న అయిన ఈ పెదనాన్న కెనడా నుంచి నా చదువు చూసుకున్నారు. ఆయనకు పిల్లలు లేరు. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చాక ఇక్కడి కాలేజీలో సీటు చూసి రప్పించారు. టొరంటో ఎయిర్‌పోర్టులో నా ఒంటి మీద పల్చటి స్వెట్టర్ చూసి, తన కోటు విప్పి నాకు తొడిగారు. తను చొక్కా మీదే పార్కింగ్ దాకా నడిచారు. దారిలో హీటర్ నావైపు తిప్పి ఆయన చెప్పిన మొదటి పాఠం ఇంటిపేరు గురించి.

"ఒరేయ్, ఇక్కడ తెలుగోడు కలిస్తే ముందేం అడుగుతాడు?"

"ఏ ఊరని."

"ఊరు తర్వాత. ఇంటిపేరు అడుగుతాడు. ఇంటిపేరు చెప్పావంటే నీ కులం చెప్పినట్టే. ఆ పైన నీతో మాట్లాడేది నువ్వెవరో చూసి కాదు."

"మరేం చెప్పాలి?"

"హేవర్డ్ అని చెప్పు. ఊరడిగితే జిల్లా చెప్పు. జిల్లాలో ఎక్కడని గుచ్చి అడిగితే మంచు గురించి మాట్లాడు."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

స్కూల్లో నా ఇంటిపేరు బందెల. హాజరు పిలిచేటప్పుడు ఆ మాట రాగానే వెనక బెంచీలో ఎవడో "అంబా" అనేవాడు. ఎందుకంటాడో నాకు తెలియదు, అడిగే మనిషీ లేడు. అందుకని ఆ రోజు కారులో పెదనాన్న చెప్పింది చెప్పినట్టు నమ్మాను. బందెల అసలు మా పేరే కాదన్నారు. ఊళ్ళోవాళ్ళు ఎగతాళికి పెడితే, బళ్ళో పంతులు అదే రాసేశాడన్నారు. మా ముత్తాతకు కాలవలో బాప్తిస్మం ఇచ్చింది హేవర్డ్ అనే దొర. దొర తోటకు మా ముత్తాత కంచె కాపలా. దొరకు విషజ్వరం వస్తే మోకాలి లోతు బురదలో ఆసుపత్రికి మోసుకెళ్ళాడు. బతికిన దొర, "నాకు కొడుకుల్లేరు, నా పేరు నువ్వుంచుకో" అన్నాడు. ఆ పేరు మూడు తరాలు ఊళ్ళో నోరెత్తలేదు, ఇక్కడ ఎత్తుతుంది. ఇదీ ఆయన చెప్పింది.

ఏడాది నిండగానే అప్లై చేసి పేరు మార్చుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు నా నడక మారింది.

ఆయన కార్ల ఫ్యాక్టరీలో వెల్డరు. ఆదివారం మాత్రం చలికోటు లోపల టై కట్టుకునేవారు. గుడి నుంచి వచ్చాక టై విప్పకుండానే కూర్చుని మాకు హేవర్డ్ చరిత్ర చెప్పేవారు. చాలా పాత కాలం ఇంగ్లండులో, పల్లెల్లో, పంట పొలాల చుట్టూ కంచెలుండేవట. ఆ కంచెలను కాయడానికి ఊరు ఒక మనిషిని పెట్టుకునేది, అతనే హేవర్డ్. పేరులో మొదటి ముక్క 'హే' వినగానే అందరూ గడ్డి అనుకుంటారనీ, అది కంచె అనీ దిద్దేవారు. ఆ మనిషి చేతిలో కొమ్ము ఉండేదట, పొలంలో గొడ్డు పడితే ఊదడానికి. తండ్రి పని పేరు కొడుక్కీ, కొడుకు నుంచి మనవడికీ అంటుకుని, పని పోయినా పేరు నిలిచిందట. ఇంగ్లండులో దక్షిణాన, పడమటి జిల్లాల్లో ఎక్కువ మంది ఉన్నారనీ, అక్కణ్ణించి ఓడలెక్కి ఆస్ట్రేలియాకూ న్యూజిలాండుకూ అమెరికాకూ, ఇటు న్యూ బ్రన్స్‌విక్‌కూ ఒంటారియోకూ చేరారనీ చెప్పేవారు.

ఏ ఊరెళ్ళినా ఆయనకో అలవాటు. అప్పట్లో ఫోన్ బూత్‌లలో డైరెక్టరీ గొలుసుతో కట్టి ఉండేది. కారాపి, దిగి, హెచ్ పేజీలు తిప్పేవారు. పెద్దమ్మ కారులోంచి విసుక్కునేది. "మీ చుట్టాలు దొరికారా? భోజనానికి పిలుస్తారా, లేక మనం ఏదన్నా కొనుక్కుందామా?" ఆయన వచ్చి కూర్చుని, "ఈ ఊళ్ళోనూ ఉన్నార్రా మనవాళ్ళు" అనేవారు. కొన్నేళ్ళకు డైరెక్టరీలు పోయి బూత్‌లు ఖాళీగా మిగిలాయి. తర్వాత ఫోన్‌లో వెతికేవారు గానీ, అందులో ఆయనకు ఆనందం ఉండేది కాదు.

ఒకసారి లీమింగ్టన్ వైపు వెళ్తుంటే ఒక ఇంటి పోస్టుడబ్బా మీద ఆ పేరు కనపడింది. వెనక టమాటా గ్రీన్‌హౌసులు. పెదనాన్న కారు లోపలికి తిప్పేశారు. తెల్లాయన, ఎర్రటి మెడ, చేతికి మట్టి. పెదనాన్న తన పేరు చెప్పారు. ఆయన మమ్మల్ని కిందికీ పైకీ చూశాడు. పెదనాన్న దొర కథంతా చెప్పారు, బురదా, జ్వరమూ అన్నీ. చివర్లో కళ్ళు తుడుచుకుని, "మీ వంశానికి మేం రుణపడి ఉన్నాం" అన్నారు. ఆ రైతు సిగ్గుపడిపోయాడు. "మావాళ్ళెవరూ ఇండియా వెళ్ళినట్టు నేను వినలేదే" అంటూనే లోపలికెళ్ళి రెండు బుట్టల టమాటాలు తెచ్చిచ్చాడు. పెద్దమ్మ పచ్చడి పట్టింది. తినేముందు ప్రార్థనలో ఆ రైతునూ తలుచుకున్నాం.

ఇక్కడ అక్టోబరులో థాంక్స్‌గివింగ్ సెలవు వస్తుంది. ఆ రోజు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. కోడి పులావు, ఒక కీర్తన, ఆ తర్వాత పెదనాన్న సాక్ష్యం. లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, దేవునికి స్తోత్రం చెప్పి, హేవర్డ్ దొరను పేరు పెట్టి తలిచేవారు. ఏ దేశంలో ఉన్నా ఆయన వంశం వాళ్ళను కాపాడమని వేడుకునేవారు. మీలో చాలామంది మా ఇంట్లో ఆ పులావు తిన్నారు, ఆ సాక్ష్యానికి ఆమేన్ అన్నారు. సాక్ష్యం అంటే మనకు ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇద్దరు మనుషులు మాట్లాడుకునేటప్పుడు చెప్పే మాట కాదది, దేవుని ముందు నిలబడి చెప్పేది. ఆయన గొంతు పోయాక, కిందటేడు, ఆ సాక్ష్యం నన్ను చెప్పమన్నారు. చెప్పాను. నా కూతురు ఎదురుగా కూర్చుని వింది.

భూస్థాపన రోజు పాస్టర్ గారు దొర కథతోనే వాక్యం మొదలుపెట్టారు. మిల్టన్ నుంచి మా మేనత్త వచ్చింది. పెదనాన్నకు చెల్లెలు, కొడుకు దగ్గర ఉంటుంది. సాయంత్రం జనం వెళ్ళాక వంటగదిలో ముగ్గురం మిగిలాం, అత్తా, నేనూ, నా కూతురూ. అత్త చెప్పులు విడిచి కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుంది.

"ఆ పాస్టరు గారు ఎవరో దొరంటాడేంట్రా?" అంది.

"హేవర్డ్ దొర, అత్తా. మీ తాతకి పేరిచ్చిన..."

"ఏ దొర? మన పేట మొహం ఏ దొర చూశాడు? మనకి బాప్తిస్మం ఇచ్చింది పక్కూరి అయ్యగారు. సైకిలేసుకుని వచ్చేవాడు. నల్లగా నాలాగే ఉండేవాడు."

"మరి తోట? కంచె?"

"తోటా లేదు దొడ్డీ లేదు" అని, తనే ఆగి, "దొడ్డి ఉంది. బందెలదొడ్డి. మా తాత దానికి కాపలా. ఊళ్ళో ఎవడి చేలో ఎవడి గొడ్డు పడ్డా తోలుకొచ్చి అందులో పెట్టేవాడు. బందె డబ్బులు కట్టి విడిపించుకోవాలి. కట్టేవాడల్లా మా తాత అమ్మనీ ఆలినీ తిట్టి కట్టేవాడు. అందుకేగా మనం బందెలోళ్ళం అయ్యింది" అంది.

నా కూతురికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. అప్పటికే ఫోన్ తీసి చూస్తోంది. "డాడ్, హేవర్డ్ వాజ్‌న్ట్ జస్ట్ ఎ ఫెన్స్ గార్డ్. దే లాక్డ్ అప్ స్ట్రే కౌస్. ఓనర్స్ హాడ్ టు పే" అంది.

"ఏమంటది పిల్ల?" అత్త అడిగింది.

"హేవర్డ్ పని కూడా అదేనంట. చేలో పడ్డ గొడ్లను తోలుకెళ్ళి దొడ్లో కట్టడం."

"అవును మరి. నాకు తెలుసుగా."

"నీకు తెలుసా?"

"ఆ పేరు కోసం లైబ్రరీకి ఎన్ని సార్లు తిరిగాడో. దొరికిన రోజు నాకు ఫోన్ చేసి ఒకటే నవ్వు. 'చెల్లాయ్, మన పేరు ఇంగ్లీషోడికి కూడా ఉందే. ఇక మన పేరే పెట్టుకుని తిరుగుతా, ఒక్కడికీ తెలీదు' అన్నాడు. ఎవరికీ చెప్పనని నాతో బైబిలు మీద ఒట్టేయించుకున్నాడు."

"మరి దొరెందుకు?"

"నల్లోడికి తెల్లోడి పేరేంటని అడుగుతారు కదరా. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పగా చెప్పగా వాడికే బాగా కుదిరినట్టుంది."

"నాకైనా చెప్పొచ్చుగా అత్తా."

"చిన్నోడివి, నోరు జారతావని."

"నాకు నలభై దాటాయి."

"వాడికి నువ్వెప్పుడూ హాస్టలు పిల్లోడివే" అని అత్త కళ్ళొత్తుకుంది.

తర్వాత ఇంకో సంగతి చెప్పింది. పెదనాన్న వచ్చిన కొత్తల్లో తెలుగువాళ్ళు ఒక పార్కులో పిక్నిక్ పెట్టుకున్నారట. పెదనాన్న, పెద్దమ్మ చేసిన పులిహోర గిన్నెతో వెళ్ళారట. ఎవరో ఇంటిపేరు అడిగారు, ఆయన చెప్పారు. ఆ గిన్నె మూత తీసినవాళ్ళు లేరు. మళ్ళీ ఏడు పిలుపు రాలేదు. ఆ పిక్నిక్‌లో ఎవరున్నారో అత్తకు తెలియదు, నాకూ తెలియదు. ఇది చదివేవారిలో ఉంటే ఉండవచ్చు.

పేరు మార్చుకున్నందుకు ఆయన మీద నాకు కోపం లేదు. ఆ గిన్నె సంగతి విన్నాక అసలే లేదు. నా బాధ వేరు. హేవర్డ్ అంటే బందెలే అని నాకొక్కడికి చెప్పి ఉంటే, ఆ పేరును నా సొంతదిగా మోసేవాణ్ణి. అలా చెప్పలేదు. లేని దొరను ఒకణ్ణి పుట్టించి, ప్రతి ఏడూ నా చేత అతనికి దండం పెట్టించారు. తిట్లు తింటూ దొడ్డి కాసిన మనిషిని నా ఇంట్లో ఒక్కసారి కూడా ఎవరూ తలుచుకోలేదు. ఆయనకు రావలసిన దండం దొర ఖాతాలో పోయింది. బయటివాళ్ళ దగ్గర దాచుకుంటే అర్థం ఉంది. నా దగ్గరెందుకు? లీమింగ్టన్‌లో ఆ రైతు ముందు కార్చిన కన్నీళ్ళు ఏమిటి? ఆయనను అడగాలి, అడగడానికి లేరు. కిందటేడు నా నోటితో నేను చెప్పిన సాక్ష్యానికి నా కూతురికి నేనేం చెప్పాలి? ఆ రాత్రి అది ఒకే మాట అడిగింది. "సో వాట్ ఆర్ వీ?" నేను అంట్లు తోముతూ ఉండిపోయాను.

ఇంత రాశాక కూడా, నా ఒంటికి ఆయన తొడిగిన కోటు అబద్ధం కాదని నాకు తెలుసు. రెండూ ఆయనే.

పెద్దమ్మ పోయినప్పుడే ఇద్దరికీ కలిపి సమాధి రాయి పెట్టించారు. పైన పెద్ద అక్షరాల్లో హేవర్డ్. కింద ఎడమన పెద్దమ్మ పేరు, కుడివైపు ఖాళీ. నేల మంచు కరిగాక రాయి చెక్కే అతను ఫోన్ చేసి, ఖాళీలో ఆయన పేరు తప్ప ఇంకేమైనా చెక్కాలా అని అడిగాడు. రెండు రోజులు గడువు అడిగి అత్తకు ఫోన్ చేశాను.

"రాయి మీద పిచ్చి పనులేం చెయ్యకురా" అంది. "జన్మంతా దాచుకున్నాడు. చచ్చాక వాడి పరువు తీస్తావా?"

"పరువు తక్కువ పేరా అది, అత్తా?"

"మా తాతకి ఆ పేరంటే చిరాకేం ఉండేది కాదు" అని ఫోన్ పెట్టేసింది.

నేను నా కూతుర్ని వెంటబెట్టుకుని శ్మశానానికి వెళ్ళాను. ఒక తెల్లకాగితం మీద మూడు తెలుగు అక్షరాలు పెద్దవిగా రాసి తీసుకెళ్ళాను. ఇక్కడివాళ్ళకు అవి గీతలు. ఎవరి నుంచి ఆయన దాచారో, ఆ రాయి ముందు నిలబడితే వాళ్ళు మాత్రమే చదవగలరు. నాకు కావలసింది అదే.

రాయి చెక్కే అతను కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు.

"బొమ్మా?"

"అక్షరాలు. ఆయన పేరు కింద చెక్కాలి."

"ఏమని అర్థం?"

"హేవర్డ్" అన్నాను.

అతను వేలితో రాయి పైభాగం చూపించాడు. "అది ఆల్రెడీ ఉందిగా?"

"ఉంది. ఇదీ అదే."

అతను భుజాలెగరేసి, కాగితాన్ని రాయి కుడివైపున ఆనించి టేపు అంటించబోయాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. నేను చెయ్యి చాచేలోపే నా కూతురు ముందుకెళ్ళి, అతని చేతిలోంచి కాగితం తీసుకుని, తిప్పి, సరిగ్గా నిలబెట్టి అదిమి పట్టుకుంది.