ఒకే తీగ మీద ఇద్దరు

ఆ గురువారం మధ్యాహ్నం ఆపరేటరమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని పై గదికి ఎక్కింది. మెట్లు ఇనుపవి. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు భోంచేసి నడుం వాల్చే వేళ అది. చప్పుడైతే సాయంత్రం దాకా సణుగుతాడు. పై గదిలో ఒక బల్ల, కుర్చీ, కంప్యూటరు, హెడ్‌సెట్ ఉన్నాయి. కిటికీ మూసి, గొంతు సవరించుకుని, ఆమె నాలుగు గంటల పాటు సాగే పరీక్షకు కూర్చుంది.

పరీక్ష పెట్టింది లిఫ్టుల కంపెనీ. ఎక్కడో ఒక భవనంలో లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది. లోపలున్న మనిషి ఎర్ర బటన్ నొక్కితే ఆ పిలుపు ఇలాంటి గదికి వస్తుంది. పలకాలి, మెకానిక్‌ను పంపాలి, అతను వచ్చేదాకా లోపలి మనిషితో మాట్లాడుతూనే ఉండాలి. కంపెనీ షరతు ఒక్కటే: పిలుపు మధ్యలో లైను తెగకూడదు. ఒక్కసారి తెగినా ఉద్యోగం లేదు. మొబైల్ ఇంటర్నెట్ పనికిరాదని కూడా ముందే చెప్పారు. ఆ షరతు ఆమెకు అన్యాయమనిపించలేదు. చీకట్లో ఇరుక్కున్నవాడికి అవతలి గొంతు కూడా మాయమైతే ఎలా ఉంటుందో ఆమె ఊహించగలదు.

వయసులో ఉన్నప్పటి నుంచి ఆమెది గొంతుతో చేసే పనే. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో దూరపు ఊళ్ల కాల్స్ కలిపేది. పుట్టుక కబుర్లూ చావు కబుర్లూ ఆమె చేతుల మీదుగానే వెళ్లాయి. ఎక్స్‌ఛేంజ్ మూతపడ్డాక బట్టల షాపులో బిల్లులు కొట్టింది, పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాసింది. అక్కడ జీతం ఉంది గానీ గొంతుకు పని లేదు. ఇంట్లో అయితే అసలే లేదు. ఆమె భర్త బేకరీలో పిండి కలిపే యంత్రాల పక్కన బతుకంతా గడిపి రిటైరయ్యాడు. ఆ యంత్రాలు ఆయన చెవులు సగం తినేశాయి. ఉప్పు అడిగితే దుప్పటి తెచ్చి ఇస్తాడని తోడికోడలు నవ్వేది.

ఆ చెవులకు తగ్గట్టే టీవీ మోగుతుంది. కింద తమ హాల్లో టీవీ మోగుతుండగా అక్కడ కూర్చుని ఇంకొకరితో మాట్లాడడం కుదిరే పని కాదు. అందుకే పై గది. కానీ ఇంటర్నెట్ వచ్చే రూటరు హాల్లో ఉంది. పాతకాలపు రాతి గోడలూ, మందపాటి శ్లాబూ దాటి వైఫై పైకి రాదు. గోడకు ఒక్క బెజ్జం కొట్టినా ఇల్లు ఖాళీ చేయాల్సి ఉంటుందని ఓనరు మర్యాదగానే చెప్పాడు. మెట్ల మీద తీగ వేస్తే అందరికీ కాళ్లకు అడ్డం.

తోడికోడలు పక్క వాటాలోనే ఉంటుంది. ఆమె చాలా సులువైన ఉపాయం చెప్పింది. “అక్కా, బావగారినీ టీవీనీ కలిపి పైకి ఎక్కించెయ్. నువ్వు హాల్లో హాయిగా ఉద్యోగం చేసుకో.”

“ఎక్కిస్తాను. ఎక్కిస్తే టీ అక్కడికే తెమ్మంటారు. నువ్వు పట్టుకెళ్తావా?” అంది ఆపరేటరమ్మ.

దారి చివరికి గోడ మూలలోనే కనిపించింది. డాబా మీద ఉన్న డిష్ నుంచి టీవీకి పోయే నల్ల కేబుల్ పై గది మూలలోంచే కిందికి దిగుతుంది. ఎన్నేళ్లుగానో అక్కడే ఉంది, రెండుసార్లు సున్నం కూడా పడింది దాని మీద. గోడ తొలవకుండా, ఓనరును అడగకుండా హాలు నుంచి పై గదికి ఒక తీగ అప్పటికే ఉందన్నమాట. ఇలాంటి కేబుల్ మీద ఇంటర్నెట్ పంపే చిన్న పెట్టెలు దొరుకుతాయని వాకబు చేసి, ఒక జత తెచ్చింది. ఒకటి హాల్లో రూటరుకు, ఒకటి పైన కంప్యూటరుకు తగిలించి, ఒక తీగను రెండుగా చీల్చే మామూలు స్ప్లిట్టర్లతో రెంటినీ డిష్ కేబుల్‌లోకి కలిపింది.

టీవీలో న్యూస్ చదివే అమ్మాయి మొహం గళ్లు గళ్లుగా విడిపోయింది. పైన ఇంటర్నెట్ వచ్చినట్టే వచ్చి పోయింది. ఉన్నదీ చెడింది, కొత్తదీ రాలేదు. భర్త కాసేపు చూసి, తనకు టీవీ లేకపోయినా పరవాలేదు, డిష్ తీగ మొత్తం ఆమెనే వాడుకోమన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. పొద్దున్నించి రాత్రి దాకా ఆ మనిషి మాట్లాడేది ఆ టీవీతోనే. అది ఊడబెరికి తను ఉద్యోగం తెచ్చుకుంటే ఆ జీతం తినబుద్ధి కాదని చెప్పి పైకి వెళ్లిపోయింది.

తప్పేమిటో పైన కూర్చున్నాక తట్టింది. ఎక్స్‌ఛేంజ్‌లో దూరపు లైన్లలో రెండే తీగల మీద పన్నెండు సంభాషణలు ఒకేసారి వెళ్లేవి. ఒకదానికొకటి తగిలేవి కావు. కారణం, ఒక్కో సంభాషణకు ఒక్కో ఫ్రీక్వెన్సీ, అంటే అలలు సెకనుకు ఎన్నిసార్లు ఊగాలో ముందే పంచి పెట్టేవారు. ఎవరి అంతస్తులో వాళ్లు. ఇక్కడ డిష్ పై అంతస్తు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీలు, వాడుతోంది. తను తెచ్చిన పెట్టెలు కూడా అదే అంతస్తులో దూరాయి. రెండు సంసారాలను ఒకే గదిలో పెడితే గిన్నెలు మోగక ఏం చేస్తాయి?

మర్నాడు ఆ జతను కొన్న షాపులోనే వెనక్కి ఇచ్చేసింది. తనకు కావలసింది కింది ఫ్రీక్వెన్సీల్లో మాట్లాడే పెట్టెలనీ, వాటినీ డిష్‌నూ ఒక కొస దగ్గర కలిపి, రెండో కొస దగ్గర మళ్లీ విడదీసే కంబైనర్లనీ షాపావిడతో చెప్పింది. ఆవిడకు ఈ వ్యాపారం బాగా తెలుసు. అవి ఉన్నాయని చెప్పి, ఆపరేటరమ్మకు తట్టని ఇంకో సంగతి అడిగింది. డిష్ తలకు కరెంటు ఎక్కడి నుంచి వెళ్తోంది?

టీవీ కిందున్న సెట్‌టాప్ బాక్స్ నుంచి, అదే కేబుల్‌లో అని చెప్పింది ఆపరేటరమ్మ.

“మరి ఆ కరెంటును డిష్ వైపు పోనిచ్చే కంబైనరే తీసుకోండమ్మా. అడ్డుపడే రకం తీసుకున్నారంటే మీ ఆయన నల్ల తెర చూస్తూ కూర్చుంటారు. మీ పెట్టె వైపు మాత్రం కరెంటు రాకూడదు, వస్తే అది కాలుతుంది” అంది షాపావిడ.

పై గది మూలలో ఆపరేటరమ్మ ఆ పాత కేబుల్‌ను తనే కోసింది. పై తొక్క ఒలిచి, లోపల జల్లెడలా అల్లిన తీగను వెనక్కి మడిచి, మధ్య రాగి తీగను చిటికెన గోరంత బయటికి ఉంచి, కనెక్టరు బిగించింది. మొదటిసారి టీవీ మొత్తానికే పోయింది. విప్పి చూస్తే జల్లెడలోని ఒక పోగు, వెంట్రుకంత సన్నది, రాగి తీగను తాకుతోంది. దాన్ని కత్తిరించి మళ్లీ బిగించింది. కింద టీవీ ఒక్కసారిగా గర్జించింది. పైన పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఆ రెండింటినీ కలిపి కాసేపు అనుభవించింది.

ఇదంతా పరీక్షకు ముందు వారం. గురువారం మొదటి రెండు గంటలూ నున్నగా జరిగాయి. కంపెనీ వాళ్లే ఇరుక్కున్నవాళ్లలా పిలిచారు. ఒకడు భయపడ్డాడు, ఒకావిడ తిట్టింది, ఒకాయన ఉత్తినే ఊపిరి పీల్చాడు. ఆపరేటరమ్మ గొంతు ఎవరి దగ్గరా తొణకలేదు. తర్వాత, పిలుపులు లేని సమయంలో, పెట్టె మీద ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. తెర మీద కంపెనీ బొమ్మ పక్కన ఎర్ర గీత వచ్చింది.

ఆమె హెడ్‌సెట్ బల్ల మీద పడేసి, చెప్పులు వేసుకుని, ఇనుప మెట్లన్నీ మోగించుకుంటూ దిగింది.

హాల్లో టీవీ నల్లగా ఉంది. ఆ రోజు ఫుట్‌బాల్ ఫైనల్. నెల రోజుల నుంచి ఆయన ఎదురుచూస్తున్న మ్యాచ్. భర్త ఆ నల్ల తెర ముందు, ఆసుపత్రి బయట కూర్చున్నవాడిలా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏంటండీ ఇది?”

“ఆపేశానే. స్విచ్చి బోర్డు దగ్గరే ఆపేశా. ఇవాళ తీగంతా నీకే ఉండనీ అని.”

ఆమె వంగి చూసింది. కేబుల్ కొసన ఉన్న తన పెట్టె, టీవీ, సెట్‌టాప్ బాక్స్, మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. ఆ బోర్డుకున్న ఒక్క స్విచ్చినీ ఆయన ప్రేమగా ఆపేశాడు.

“టీవీ పెట్టండి. ఎంత గట్టిగా పెడతారో అంత గట్టిగా పెట్టండి. నేను వచ్చి చెప్పేదాకా ఆ స్విచ్చి మీద చెయ్యి వెయ్యకండి” అని ఆయన చెవి దగ్గర అరిచి, పెట్టె ప్లగ్గు పీకి రూటరు ఉన్న గోడ సాకెట్‌లో గుచ్చి, పైకి పరిగెత్తింది.

కాసేపటికి దీపం మళ్లీ వెలిగింది. వెలిగిన వెంటనే కంపెనీ సూపర్‌వైజరు లైన్లోకి వచ్చింది. మధ్యలో కనెక్షన్ పోయిందని, ఎందుకు పోయిందని సూటిగా అడిగింది. కరెంటు పోయిందనో, వైరు వదులైందనో చెప్పి తప్పించుకోవచ్చు. ఆపరేటరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది: డిష్ కేబుల్, టీవీ, భర్త, ఫైనల్, స్విచ్చి.

“పిలుపు మధ్యలో తెగలేదు కాబట్టి పరీక్ష సాగుతుంది. కానీ టీవీ నడుస్తుంటే ఈ లైను నిలబడుతుందని నేనెలా నమ్మాలి?” అంది సూపర్‌వైజరు.

“టీవీ ఇప్పుడు నడుస్తోందండీ. మీరు ఎన్నిసార్లు పిలుస్తారో పిలవండి.”

సూపర్‌వైజరు మొహమాటపడలేదు. మిగిలిన సమయమంతా ఒక పిలుపు ముగిసేసరికి ఇంకోటి పంపింది. ఒక్కోసారి రెండు కలిపి పంపింది. కింద ఆట ఆగింది, మొదలైంది, ఆయన కేకలు వేశాడు, తోడికోడలు కుటుంబం మొత్తం వచ్చి సోఫా ఆక్రమించింది. పైన ఆపరేటరమ్మ ఒక గొంతును నిలబెట్టి, ఇంకో గొంతును ఊరుకోబెట్టి, మధ్యలో మెకానిక్‌కు చిరునామా చెప్పింది, పాత రోజుల్లో నాలుగు ఊళ్లను కలిపినంత తేలిగ్గా. ఆఖరి పిలుపులో లిఫ్టులో ఇరుక్కున్న ముసలావిడలా మాట్లాడింది సూపర్‌వైజరే. సరిగ్గా అప్పుడే కింద గోల్ పడింది. శ్లాబు అదిరింది. లైను అదరలేదు.

“అదేం చప్పుడమ్మా?” అంది ముసలావిడ గొంతు.

“ఏమీ లేదండీ, మా ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. మీరు తలుపుకు దూరంగా నిలబడండి, మా మనిషి మూడో అంతస్తుకు వచ్చేశాడు.”

సూపర్‌వైజరు తన మామూలు గొంతులో నవ్వింది. పరీక్ష అయిపోయిందని, సోమవారం పొద్దున ఎనిమిదింటికి లాగిన్ కమ్మని చెప్పింది. ఆపరేటరమ్మకు అప్పగించిన లిఫ్టులు రెండు వందల పద్నాలుగు.