తన స్లైడు

ఆస్పత్రి ల్యాబులో ఆమెది పన్నెండేళ్ల సర్వీసు. నమూనాలకు రంగు వేసి, మైక్రోస్కోపులో ఏ క్రిములున్నాయో చూసి రాసిచ్చేది. తోటివాళ్లు ‘డేగకన్ను’ అని పిలిచేవారు. తన కడుపు విషయంలో మాత్రం ఆ కన్ను పనికిరాలేదు. మొదటి కాన్పు ఆరో నెలలోనే వచ్చేసింది. బిడ్డ ఒక్క పూట బతికింది. ఎందుకలా జరిగిందో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు.

రెండోసారి నెల తప్పిన దగ్గర్నుంచి ఆమెకు కాలు నిలవలేదు. వంటగదికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉండేది. “నా బస్సు కూడా ఇన్ని ట్రిప్పులు కొట్టదు. కాస్త కూర్చోవే” అనేవాడు డ్రైవరైన భర్త. ఆమెకు నవ్వు వచ్చేది కాదు.

నాలుగో నెలలో తెల్లబట్ట వాసన తేడాగా అనిపించింది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక, తన నమూనా తనే తీసుకుని స్లైడు తయారుచేసింది. అక్కడ కాపలా కాయాల్సిన మంచి క్రిములు, ఊదారంగు పుల్లల్లాంటివి, ఒకటీ అరా ఉన్నాయి. మిగతా చోటంతా చెడ్డ క్రిములు, గులాబీ నలుసులే. అలాంటి స్లైడ్లు ఎన్ని చూసిందో లెక్కలేదు. ఏదీ రెండోసారి చూడాల్సి రాలేదు. దీన్ని మాత్రం మూడుసార్లు చూసింది.

“ఎవరిది?” వెనకనుంచి ల్యాబు డాక్టరమ్మ అడిగింది.

“నాదే మేడం. మొదటి బిడ్డ దీనివల్లే పోయిందా?”

డాక్టరమ్మ వంగి చూసింది. “కావచ్చు, కాకపోవచ్చు. ఇలా ఉంటే కాన్పు ముందే వచ్చే ప్రమాదం ఎక్కువ. అలాగని అందరికీ రాదు. మందు వాడదాం. గ్యారంటీ మాత్రం ఇవ్వలేను.”

“రోజూ మూడుసార్లు సబ్బుతో లోపలిదాకా కడుక్కుంటున్నా మేడం. ఇంకెంత శుభ్రంగా ఉండాలి?”

“అయ్యో, అది మానెయ్యమ్మా! మంచివాటినీ తరిమేస్తున్నావు. కారణం అదేనని నిన్ను తప్పుపట్టడం లేదు.”

వారం రోజులు మందు వాడింది. తర్వాతి స్లైడును డాక్టరమ్మ ఆమెను ముట్టుకోనివ్వకుండా తనే చూసింది. ఊదారంగు పుల్లలు తిరిగి వచ్చాయి. అయినా ఆమె గుండెదడ తగ్గలేదు. ఆరో నెలలో మొదటి బిడ్డ పుట్టిన వారం దగ్గరపడేకొద్దీ అన్నం సయించలేదు. ఆ వారం ఏమీ కాకుండా దాటినప్పుడు స్నానాలగదిలో కుళాయి తిప్పి, భోరున ఏడ్చింది.

ముప్పై ఆరో వారంలో నొప్పులు మొదలయ్యాయి. ఆడపిల్ల. చిన్నది, కానీ గొంతు వార్డంతా వినిపించింది. తల్లి రెండు రోజులు కన్నార్పకుండా బిడ్డ పొట్ట ఎగసిపడడాన్నే చూస్తూ కూర్చుంది.

“కాసేపు పడుకో. నేను చూస్తాలే” అన్నాడు భర్త.

“నీకేం తెలుస్తుంది?”

“ఊపిరి తీస్తుందో లేదో చూడ్డానికి మైక్రోస్కోపు కావాలా?”

ఆమె నడుం వాల్చింది. చేతిని మాత్రం బిడ్డ మీదనుంచి తీయలేదు.