పెన్‌గంగ దాటించిన బండ్లు

ఇన్నేళ్లుగా ఈ బరువు ఒక్కణ్నే మోస్తున్నాను. పేరు చెప్పను. ఆ ధైర్యమే ఉంటే అప్పుడే చెప్పేవాణ్ని. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆదిలాబాద్‌లో ఒక పత్తి మిల్లులో నేను ముకద్దంగా ఉండేవాణ్ని. కూలీలను పనిలోకి పిలిచేదీ, వద్దని పంపేదీ నేనే. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పత్తి లేదు, మిల్లు మూతబడింది. మరుసటి ఏడు పంట మళ్లీ చేతికొచ్చింది. మొదటి బండి గేటు ముందుకొస్తే కొబ్బరికాయ కొట్టి, కూలీలందరికీ బెల్లం పంచి పని మొదలుపెట్టడం మా ఆనవాయితీ. ఆ బండి కోసం కూలీల వాడంతా కాచుకుని ఉంది.

ఆ ఏడే ఓట్లు. మా మిల్లు యజమాని సేఠు బావమరిది అప్పటి ఎమ్మెల్యే మీద నిలబడ్డాడు. ఓట్లయ్యేదాకా మిల్లు తెరవొద్దన్నాడు సేఠు. పని లేనివాడికే కోపం ఎక్కువని ఆయన ఆలోచన. నేను ఊరి బయట రోడ్డు మీద నిలబడి, వచ్చిన పత్తి బండ్లను ఆపి, పెన్‌గంగ నది అవతల, మహారాష్ట్రలో ధర బాగుందని చెప్పి అటు మళ్లించాను. సాయంత్రం వాడకు వెళ్లి, ఎమ్మెల్యే వేయించిన కొత్త పన్ను వల్లే పత్తి రావడం లేదని చెప్పాను. అలాంటి పన్నేదీ లేదు. నాకు తెలుసు. నన్నెవరైనా బలవంతపెట్టారా? లేదు. సేఠు నన్ను తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు, అంతే. దానికే అమ్ముడుపోయాను.

పోశన్న అని, మిల్లులో బేళ్లు కట్టే కూలీ. ఇద్దరు పిల్లలు. ఒకరోజు నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, బెల్లంపల్లి దిక్కు బొగ్గు బాయిల మనుషులను తీసుకుంటున్నరట. మా బామ్మర్ది రమ్మంటుండు. పోవాల్నా, ఉండాల్నా?"

"ఓట్లు కానీయ్ తమ్మీ. మనోడు గెలిస్తే మిల్లు నడుస్తది. నువ్వు పోతే మీటింగుల ముందట ఎవలు కూసుంటరు?"

"పిల్లలు జొన్న గట్కకు సుత ఏడుస్తున్నరన్నా."

"గా ఎమ్మెల్యేను అడుగు పో."

తలగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, నువ్వన్నవు గదా, ఉంట. నువ్వైతే అబద్ధమాడవు."

ఉండిపోయాడు. సేఠు బావమరిది గెలిచాడు. మిల్లు తెరిచాం, కానీ అప్పటికే పత్తి అమ్మకాలు అయిపోవచ్చాయి. మరుసటి ఏడు రైతులు మావైపు చూడనే లేదు. నేను చూపిన దారే వాళ్లకు అలవాటయింది. పత్తి రావడం లేదని నేను ఆడిన అబద్ధం నిజమై కూర్చుంది. సేఠు యంత్రాలు అమ్ముకుని వెళ్లిపోయాడు. పోశన్న బాయి దగ్గరికి వెళ్లేసరికి అక్కడ మనుషులను తీసుకోవడం ఆపేశారు. రోడ్డు పనిలో కంకర కొట్టాడు. చిన్నబిడ్డ జ్వరంతో పోయింది. మందు లేక పోయిందనాలా, నా వల్ల పోయిందనాలా? ఎమ్మెల్యే మాత్రం మంచివాడా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. కాకపోవచ్చు, ఆయన తప్పులు ఆయనకుంటాయి, కానీ ఆ రోడ్డు మీద నిలబడి బండ్లు మళ్లించింది ఆయన కాదు కదా.

పోశన్న పోయినేడు చనిపోయాడు. తమ కడుపు కొట్టింది ఆ ఎమ్మెల్యేనేనని చివరిదాకా తిడుతూనే ఉన్నాడు. పాడె లేపేటప్పుడు అతని భార్య రాజవ్వ నన్ను పిలిచింది. "నువ్వు ముందట పట్టు అన్నా. ఆయన నిన్నే నమ్మిండు" అంది. పట్టాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఆమె కొడుక్కి ఇప్పటికీ పని దొరకలేదు. మొన్న రాజవ్వ మా గుమ్మంలో కూర్చుని, "గీసారి ఓటు ఎవలకెయ్యాల్నో చెప్పన్నా" అని అడిగింది. నాకు తెలియదన్నాను. నమ్మలేదు. చెప్పేదాకా లేవనని కూర్చుంది.

చీకటి పడి, ఆమె జవాబు లేకుండానే వెళ్లాక ఇది రాయడం మొదలుపెట్టాను. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించే దమ్ము నాకు లేదు. మీకు చెప్పుకున్నాను, కాస్త ఊపిరాడుతోంది. అదీ నాకు దక్కకూడనిదే.