మత్తూరు దగ్గరి ఇంట్లో ఐదు నక్షత్రాల ఏసీ

2008 మార్చిలో నన్ను హోసూరు బ్రాంచికి సర్వీస్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ఏసీలు తయారుచేసే కంపెనీలో అది నాకు పద్నాలుగో ఏడు. హోసూరు నుంచి కృష్ణగిరి, మత్తూరు, పోచంపల్లి దాకా నా పరిధి. నా కింద ముగ్గురు మెకానిక్కులు ఉండేవారు. వారిలో మాదేశప్ప నాకన్నా పదేళ్లు పెద్ద. హోదాలో నేను పైన, చేతిపనిలో ఆయన పైన.

ఏసీల మీద నక్షత్రాల లేబుల్ అప్పుడే కొత్తగా వచ్చింది. దాన్ని డీలర్లకు వివరించడం నా పనుల్లో ఒకటి. ఏసీ గదిలోంచి ఎంత వేడిని బయటికి తోడుతుందో వాట్లలో కొలిచి, అందుకు అది తీసుకున్న కరెంటు వాట్లతో భాగిస్తే వచ్చే అంకెను ఈఈఆర్ అంటాం. ఆ అంకె పెరిగేకొద్దీ నక్షత్రాలు పెరుగుతాయి. ఈ పాఠం నేను తడుముకోకుండా చెప్పేవాణ్ణి.

ఏప్రిల్ మొదట్లో కృష్ణగిరిలోని ఒక డీలర్ షాపులో ఇదే చెబుతుండగా పాపమ్మ అనే ఆవిడ తన మరిది గోవిందప్పతో వచ్చింది. మత్తూరు దగ్గర మామిడితోటలున్న కుటుంబం. ఆమె భర్త నారాయణప్ప కిందటేడు కాయలు కోస్తూ చెట్టు మీదనుంచి పడ్డాడు. మెడ ఎముక విరిగి, ఛాతీ కింద స్పర్శ పోయింది. అలా దెబ్బతిన్న శరీరానికి చెమట సరిగా పట్టదని, గది వేడెక్కితే ఒళ్లూ వేడెక్కుతుందని, ఎండాకాలమంతా గది చల్లగా ఉంచకపోతే ప్రాణానికే ముప్పని డాక్టర్లు చెప్పి పంపారట.

"చుక్కలు ఎక్కువుంటే చల్లదనం ఎక్కువిస్తుందా సార్?" అని అడిగింది పాపమ్మ.

"ఐదు నక్షత్రాలది తీసుకోండమ్మా, అన్నిటికన్నా మంచిది" అన్నాను. ఆమె అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. అది అప్పుడు నాకు తట్టలేదు.

టన్నున్నర స్ప్లిట్ ఏసీ తీసుకెళ్లారు. డీలర్ మనుషులు బిగించారు. ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద, ఇల్లు చూడకుండానే, నేను సంతకం చేశాను.

పది రోజులకే ఫిర్యాదు వచ్చింది. ఉదయం పది గంటలకు నేనూ మాదేశప్పా వెళ్లాం. గదిలోంచి మిషనులోకి పోయే గాలికీ మిషను వదిలే గాలికీ మధ్య తేడా పదకొండు డిగ్రీలు, ఉండవలసినంతే. గ్యాస్ ప్రెషర్, కరెంటు, ఓల్టేజి అన్నీ మాన్యువల్‌లో రాసినట్టే ఉన్నాయి. మిషనులో లోపం లేదని, తలుపు పదే పదే తెరుస్తున్నారేమోనని చెప్పి, రిపోర్టులో అదే రాశాను. గోవిందప్ప వదల్లేదు.

"మా ఇంట్లోది రెండు చుక్కలదే సార్. అదీ టన్నున్నరే. మధ్యాన్నం దుప్పటి కప్పుకోవాల. ఈడ ఐదు చుక్కలది పెట్టినా ఉడుకుతా ఉంది. ఇదేమి లెక్క సార్?"

కొన్నాళ్లు చూడండి అని బయటపడ్డాను. హోసూరు తిరిగి వచ్చేదాకా జీపులో అదే ఆలోచన. సూళగిరి దాటి హోసూరు మెట్టకు ఎక్కేసరికి గాలి చల్లబడింది. కృష్ణగిరి ఎండను హోసూరులో కూర్చుని అంచనా వేస్తున్నానన్న అనుమానం అప్పుడైనా రావలసింది. రాలేదు.

రెండు రోజుల తర్వాత పాపమ్మే బ్రాంచికి ఫోన్ చేసింది. "వాకిలి మూసే పెట్టినాము సార్. మనిషి కాలిపోతా ఉండాడు. పొద్దున కాదు, మధ్యాన్నం వచ్చి చూడండి."

ఆ రోజే మధ్యాహ్నం రెండున్నరకు చేరాం. నారాయణప్ప మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. పాపమ్మ తడిగుడ్డతో అతని మెడ తుడుస్తోంది. క్యాలెండర్ కాగితాల వెనక ఆమె థర్మామీటర్ అంకెలు వరసగా రాసి పెట్టింది. ఉదయం తొమ్మిదికి మామూలుగా ఉన్న ఒళ్లు మూడింటికి నూటొకటి, సాయంత్రం ఏడింటికి కూడా నూరు. ఆ రోజు అప్పటికే నూటరెండు. గదిలో ముప్పైమూడు డిగ్రీలుంది. కంప్రెసర్ కాసేపు నడిచి, వేడెక్కి, దానంతటదే ఆగిపోతోంది.

ఇంటి వెనక నుంచి మాదేశప్ప కేకేశాడు. "సార్, ఈడికొచ్చి నిలబడి చూడండి."

వెళ్లి నిలబడ్డాను, నిలవలేకపోయాను. ఆ ఇంటి వెనక గోడకు ఎదురుగా పెద్ద నల్లరాతి బండ ఎండకు కాలుతూ ఉంది. గోడకూ బండకూ మధ్య మూడడుగుల సందు. అవుట్‌డోర్ యూనిట్‌ను అందులో బిగించారు. అది వదిలే వేడిగాలి బండకు తగిలి మళ్లీ దానిలోకే పోతోంది. యూనిట్‌లోకి గాలి పోయే చోట, కాయిల్ వెనక థర్మామీటర్ పెడితే యాభైఒకటి చూపింది. మొదటిసారి ఉదయం తను ప్రెషర్ చూసినప్పుడు ఆ సందులో నీడ ఉందని మాదేశప్ప చెప్పాడు. నేను అటు తొంగి చూడనే లేదు.

ముందు మనిషి సంగతి చూడాలి. గోవిందప్ప ఇల్లు వీధికి అవతలే. నలుగురం మంచంతో సహా నారాయణప్పను ఎత్తుకుని అక్కడికి మార్చాం. గంటన్నరకు ఒళ్లు తొంభైతొమ్మిదిన్నరకు దిగింది. అతను కళ్లు తెరిచి, "ఈ మిషను ఎవురు పెట్టింది? బాగుంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

గోవిందప్పదీ మా కంపెనీ ఏసీయే. ఆ సాయంత్రం ఆఫీసులో రెండు మోడళ్ల సాంకేతిక పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. రెండింటినీ టన్నున్నర అనే అమ్ముతున్నాం. కానీ ఐదు నక్షత్రాలది తోడే వేడి 4,800 వాట్లు, రెండు నక్షత్రాలది 5,200. మొదటిది తక్కువ కరెంటుతో నడుస్తుంది కాబట్టి భాగహారంలో గెలిచింది. లేబుల్ మీది నిష్పత్తి పొదుపును చెబుతుందే తప్ప మొత్తం చల్లదనాన్ని చెప్పదు. పైగా ఆ పరీక్ష జరిగేది బయట ముప్పైఐదు డిగ్రీలు, లోపల ఇరవైఏడు ఉన్నప్పుడు. బయటి వేడి పెరిగేకొద్దీ చల్లదనం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. పుస్తకంలోని పట్టిక నలభైఆరు దగ్గర ఆగిపోయింది. యాభైఒకటికి అంకే లేదు. ఆ పేజీ నేను అదివరకు చాలాసార్లు చూసినదే.

మర్నాడు రీజినల్ సర్వీస్ మేనేజరుకు ఫోన్ చేసి, చూడకుండా సంతకం చేశానని ముందే చెప్పి, బయటి యూనిట్‌ను వేరే చోటికి మార్చడానికి అనుమతి అడిగాను. లోపలి మిషనునూ దాన్నీ కలిపే రాగి పైపు, మా కంపెనీ చెప్పిన పొడవును దాటితే అలా అడగాలి. ఆయన కాసేపు తిట్టి ఒప్పుకున్నారు. యూనిట్‌ను గాలి ఆడే ఉత్తరపు గోడకు ఎక్కించాం. పైపులోని గాలిని పంపుతో పూర్తిగా లాగేసి, పెరిగిన పొడవుకు సరిపడా గ్యాస్ తూచి నింపాం. గోవిందప్ప మిద్దెకు సున్నం కొట్టించి, పైన కొబ్బరాకుల పందిరి వేయించాడు. ఆ నాలుగు రోజులూ నారాయణప్ప తమ్ముడి ఇంట్లోనే ఉన్నాడు.

అయిదో రోజు మధ్యాహ్నం మూడింటికి గదిలో ఇరవైఏడు డిగ్రీలుంది. నారాయణప్పను తీసుకొచ్చారు. పాపమ్మ సాయంత్రం దాకా గంటగంటకూ థర్మామీటర్ పెట్టి చూసింది. ఒళ్లు వేడెక్కలేదు.

"మిషనులో తప్పు లేదని రాసిపోయినారు గదా సార్, మరి ఇప్పుడెట్ల చల్లగయింది?" అని అడిగింది.

మిషనులో తప్పు లేదని, దాన్ని పెట్టిన చోటులో ఉందని చెప్పాను. చూడకుండా సంతకం పెట్టింది నేనేనని కూడా చెప్పాను. ఆమె తల ఊపింది. క్షమించినట్టా కాదా అన్నది నాకు తెలియలేదు.

నాకు తెలియని సంగతులు ఇంకా ఉన్నాయి. చోటు మార్చడం, సున్నం, పందిరి, ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. పైపు పొడవు పెంచడంతో ఆ ఏసీ ఈఈఆర్ కొంత తగ్గే ఉంటుంది. ఎంత తగ్గిందో కొలిచే సాధనాలు మా బ్రాంచిలో లేవు. అంటే ఆ గది చల్లబడిన నాటికి గోడ మీది మిషను ఐదు నక్షత్రాలదో కాదో నాకు తెలియదు.

నేర్చుకున్నవి రెండు. లేబుల్ ఒక ప్రయోగశాల గదిలో జరిగిన పరీక్షకు ఫలితం. దాన్ని చూసి ఒక ఇంటికి మాట ఇవ్వకూడదు. రెండోది, ఫిర్యాదు ఏ గంటకు వస్తుందో ఆ గంటకే వెళ్లి కొలవాలి. రిటైరయ్యేదాకా కృష్ణగిరి వైపు ఫిర్యాదులకు నేను మధ్యాహ్నం రెండు దాటాకే బయలుదేరాను, ముందు ఇంటి వెనక్కి వెళ్లి ఆ తర్వాతే గదిలోకి అడుగుపెట్టాను.